దొరసాని చేయని ఉపవాసం

మిషనులో బైబిలు స్త్రీలుగా, పల్లెలు తిరిగి వాక్యం చెప్పే పనిలో చేరబోయే అమ్మాయిలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. "పెద్దమ్మా, నువ్వు ఇన్నేండ్లు దొరసానమ్మలతోటి తిరిగినావు గదా, ఆ పని ఎట్లుంటాది?" అని అడుగుతారు. ట్రైనింగు స్కూల్లో వాళ్ళకు పాటలు నేర్పుతారు, వాక్యాలు కంఠతా పట్టిస్తారు, తెల్ల చీర మాయకుండా ఎట్లా కట్టుకోవాలో కూడా చెబుతారు. ఎండలో మూడు మైళ్ళు నడిచి పోయాక, ఒక ముసలమ్మ గిన్నె ముందు పెట్టి "మా ఇంట్లో తింటావా, తినవా?" అని కళ్ళతో అడిగితే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. నాకూ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నా జీతం ఎప్పుడు పెరిగింది, ఏ దొరగారు ఏ సర్టిఫికెట్టు ఇచ్చారు అనే సంగతులు ఇందులో ఉండవు. అవన్నీ ట్రంకుపెట్టెలో ఉన్నాయి, చెదలు చదువుకుంటున్నాయి. నేను నలుగురు దొరసానుల దగ్గర పనిచేశాను. ఒకామె మహా కోపిష్టి. ఒకామెకు తలనొప్పి లేని రోజు లేదు. ఇంకొకామె మనుషులకంటే రిజిస్టర్లను ఎక్కువ ప్రేమించింది. నేను చెప్పేది నోరా దొరసాని గురించి, ఆమె పేరు మీద నేను ఆడిన ఒక అబద్ధం గురించి.

సమాధి ముందు మొదటి పాఠం

నోరా దొరసాని మార్కాపురం వచ్చేనాటికి ఆమెకు ఇరవై నాలుగేళ్ళు. నాకు ముప్పై దాటింది, భర్త పోయి ఆరేళ్ళయింది. స్టేషను నుంచి ఎద్దుల బండిలో వచ్చి దిగేసరికి ఆమె ముఖం కందిపోయి, టోపీ ఒకవైపు సొట్టపోయి, అయినా పళ్ళన్నీ కనబడేట్టు నవ్వుతూ ఉంది. ఈ పిల్ల ఆరు నెలలు నిలవదు అనుకున్నాను నేను. నా అంచనాలు ఎప్పుడూ ఇంతే.

బంగళాలో ఉండే పెద్ద దొరసాని ఆమెకు కాఫీ అయినా ఇవ్వకముందే వెనకవైపు వేపచెట్ల దగ్గరికి తీసుకుపోయింది. నేను గొడుగు పట్టుకుని వెంట నడిచాను. అక్కడ ఒక సమాధి ఉంది. ఇరవై ఆరేళ్ళ దొర ఒకాయన, వచ్చిన మొదటి ఎండాకాలమే, పల్లెలో ఎవరో ప్రేమగా ఇచ్చిన నీళ్ళు తాగి, విరేచనాలు పట్టుకుని నాలుగు రోజుల్లో పోయాడు. కొత్తగా వచ్చిన ప్రతి దొరకూ దొరసానికీ ఆ రాయి చూపించడం పెద్ద దొరసాని పద్ధతి. "కాచని నీళ్ళు తాగొద్దు. పల్లెలో వండింది తినొద్దు. నువ్వు ఇక్కడికి పనిచేయడానికి వచ్చావు, చావడానికి కాదు" అంది ఇంగ్లీషులో. నోరా దొరసాని నవ్వు అప్పుడు ఆగింది.

తర్వాత ఆమె రోజులు ఎట్లా గడిచాయో చెబుతాను, ఎందుకంటే దొరసానులంటే ఊయల బల్లమీద కూర్చుని పంకా లాగించుకుంటారని మన అమ్మాయిల్లో చాలామంది అనుకుంటారు. తెల్లవారకముందే ప్రార్థన. తర్వాత పది గంటల దాకా మున్షీ పంతులుగారి దగ్గర తెలుగు. ఆయన ఓపిగ్గా పాఠం చెప్పి, ఇంటికి పోయి తలమీద నుంచి స్నానం చేసి గాని మంచినీళ్ళు ముట్టేవాడు కాదు. ఆ సంగతి బంగళాలో అందరికీ తెలుసు, ఆమెకు తప్ప. పాపం, ఆమె ఆయనకు ప్రతి శుక్రవారం బిస్కెట్లు పొట్లం కట్టి ఇచ్చేది. తర్వాత వరండాలో మందుల బల్ల. కళ్ళకలకలకు చుక్కలు, గజ్జికి పూత, చలిజ్వరానికి క్వినైను. ఎండ తగ్గాక నాతో కలిసి దగ్గరి పల్లెలకు నడక.

ఇంటి నుంచి ఉత్తరం రావడానికి నెలకు పైనే పట్టేది. చెల్లెలి పెళ్ళికి దీవెన రాసి పంపితే అది చేరేసరికి పెళ్ళయి, కాపురం కూడా మొదలైందట. వాళ్ళమ్మ ఇచ్చిన పూల గింజలను బంగళా ముందు చల్లి, తను స్నానం చేసిన నీళ్ళు రోజూ మోసి పోసేది. ఒక్కటీ మొలవలేదు. తోటమాలి నవ్వేవాడు, నేనూ నవ్వాను. ఒక మధ్యాహ్నం సామాన్ల గదిలోకి పోతే, ఆ గింజలు కట్టి తెచ్చిన గుడ్డముక్కను ముఖానికి ఆనించుకుని ఆమె నేలమీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, జలుబు చేసిందని చెప్పింది. ఆ రోజు నుంచి నాకు ఆమె అంటే ప్రాణం.

ఉప్పు, కారం సరిచూడడం

బైబిలు స్త్రీ పని వాక్యం చెప్పడమని కాగితం మీద ఉంటుంది. నిజానికి మన పని రెండు వైపుల మధ్య నిలబడి మాటలు మోయడం. దొరసాని ఒకటి అంటుంది, పల్లె ఒకటి అంటుంది, రెండూ యథాతథంగా చేరవేస్తే సాయంత్రానికి ఎవరికీ ఎవరి ముఖమూ చూడబుద్ధి కాదు. అందుకని నేను ఉప్పు, కారం సరిచూసి వడ్డించేదాన్ని. దొరసాని "ఈ ఇల్లు ఎందుకింత మురికిగా ఉంది?" అంటే, "మీ పిల్లలు బాగున్నారా అని అడుగుతా ఉంది" అనేదాన్ని. పల్లెలో ఎవరైనా "ఈమెకు పెండ్లెందుకు కాలేదు, ఏమైనా లోపముండాదా?" అంటే, "వాళ్ళ ఊళ్ళో వర్షాల గురించి చెబుతున్నారు" అనేదాన్ని.

ఇది నేర్పు అనుకున్నాను. అందరూ మెచ్చుకున్నారు కూడా. ఇప్పుడు అడిగితే అది సగం నేర్పు, సగం పొగరు అంటాను. ఎవరికి ఏది తెలియాలో, ఎవరు ఏది తట్టుకోగలరో నేనే తీర్పు చెబుతున్నాననే ఆలోచన నాకు ఒక్కనాడూ రాలేదు.

వరిగన్నం

రెండో ఏడు చలికాలం క్యాంపుకు కొనకనమిట్ల వైపు పోయాము. ఒక ఊరి బయట చింతతోపులో గుడారాలు వేసుకుని వారం రోజులు ఉండడం, చుట్టుపట్ల పల్లెలు చూడడం క్యాంపు పద్ధతి. ఆ ఏడు తొలకరి మోసం చేసింది, తర్వాతి వానలూ ముఖం చాటేశాయి. పొలాల్లో జొన్న మోకాలెత్తున ఎండి నిలబడింది. ఒక్క వాన పడితే గింజ కాకపోయినా గొడ్లకు చొప్పయినా దక్కుతుందని అందరూ ఆకాశం చూస్తున్నారు.

ఊరికి దూరంగా ఉన్న పల్లెలో మనవాళ్ళవి ముప్పై ఇళ్ళు, అందరూ కూలికి పోయేవాళ్ళే. ఊరి బావి వాళ్ళకు లేదు. వాగులో చెలమ తవ్వుకుని, ఊరిన నీళ్ళు ముంతతో తోడి కుండ నింపుకునేవాళ్ళు. నేను పుట్టింది కూడా అట్లాంటి పల్లెలోనే, రాచర్ల దగ్గర. ఆ నీళ్ళ రుచి నాకు తెలుసు.

అక్కడ సంతోషమ్మ అని ఒక అవ్వ ఉండేది. ఆ పల్లెలో మొదట బాప్తిస్మం తీసుకున్నది ఆమే. కొడుకు కంకర పనికి నంద్యాల వైపు పోయాడు, ఇంట్లో కోడలు మరియమ్మ, చంటిబిడ్డ. మేము మొదటిరోజు పోయేసరికి అవ్వ గడప అలికి, మంచం వాల్చి, కొత్త చాటలో విస్తరాకు పెట్టి సిద్ధంగా ఉంది. విస్తట్లో వరిగన్నం, చింతాకు పప్పు. పక్కన చెంబుతో నీళ్ళు. విత్తనానికి దాచిన వరిగలు దంచి వండిందని మరియమ్మ ముఖం చూస్తే తెలిసిపోయింది.

నోరా దొరసాని ముఖం పాలిపోయింది. ఆమె కళ్ళ ముందు ఏ రాయి కదిలిందో నాకు తెలుసు. తల అడ్డంగా ఊపి, వచ్చిన తెలుగులో "వద్దు" అంది. ఆ ఒక్క మాటే.

అవ్వ చెయ్యి అట్లాగే ఆగిపోయింది. ఆమె దొరసాని వైపు చూడలేదు, నా వైపు చూసింది. "ఊళ్ళో వాళ్ళు మా నీళ్ళు ముట్టరు, అది మాకు అలవాటే. మీరు మేమంతా ఒక్కరమంటిరి, ఒక్క దేవుని బిడ్డలమంటిరి. ఏందమ్మా ఇది? ఈయమ్మ కూడా అంతేనా?" అంది.

చుట్టూ పది పదిహేను మంది ఆడవాళ్ళు. సమాధి గురించి చెప్పవచ్చు. కాని 'మీ నీళ్ళు తాగి ఒక మనిషి చచ్చిపోయాడు' అని ఆ పెద్దామె ముఖం మీద ఎట్లా చెప్పేది? నా నోరు తనకు అలవాటైన పని చేసేసింది.

"అట్ల కాదవ్వా. అమ్మగారు ఉపవాసముండారు."

"ఎందుకంట?"

"వాన కోసం."

అవ్వ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. విస్తరి పక్కకు జరిపి, దొరసాని రెండు చేతులూ తీసుకుని కళ్ళకు అద్దుకుంది. దొరసాని నా వైపు చూసి, ఏం చెప్పావని అడిగింది. మీ ఆరోగ్యం సంగతి చెప్పాను, అర్థం చేసుకున్నారు అన్నాను. ఆమె ఎంత తేలికపడిందో! తిరిగి వస్తుంటే దారంతా ఏదో పాట కూనిరాగం తీసింది.

గుడారానికి రాగానే వంటాయనతో, భోజనం వేళ తెర దించి పెట్టమని చెప్పాను. ఈగలు ఎక్కువగా ఉన్నాయని చెప్పాను. ఒక అబద్ధానికి ఎన్ని తెరలు కావాలో అప్పుడు లెక్క వేసుకోలేదు.

రెడ్డిగారి భార్య అడిగిన మాట

ఆ తర్వాత మూడు రోజులు మా ప్రార్థన కూటాలకు జనం కిక్కిరిసి వచ్చారు. దొరసాని సంతోషం పట్టలేకపోయింది. నాకు మాత్రం ఒకటి కనబడుతూనే ఉంది, కనబడనట్టు ఊరుకున్నాను. ఎవరూ పాట గట్టిగా పాడడం లేదు. కూర్చున్నవాళ్ళు లేచేటప్పుడు నేలకు చెయ్యి ఆనించి లేస్తున్నారు.

నాలుగో రోజు ఉదయం నీళ్ళ కోసం తోటబావి దగ్గరికి పోయాను. ఆ తోట రెడ్డిగారిది. వాళ్ళ ఆవిడ మంచి మనిషి, క్యాంపుకు నీళ్ళు తోడుకోమని ఆమే చెప్పింది. నన్ను చూసి దగ్గరికి వచ్చింది.

"ఏమ్మా, మీ దొరసాని వానొచ్చేదాంక పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదంట గదా? ఎట్ల బతుకుతాది పాపం?"

నేను ఏదో అనబోయాను.

"ఆమె సంగతి ఆమెకు ఎరిక. మా కూలోళ్ళ సంగతి చూడు. మీ పల్లెంతా మూడు దినాలుగా పొయ్యి రాజేయలేదు. నిన్న మా చేన్లో ఇద్దరు ఆడోళ్ళు కండ్లు తిరిగి పడిపోయినారు. సంగటి పెడతానంటే వద్దంటారు. దొరసానమ్మ మా కోసం కడుపు మాడ్చుకుంటాంటే మేమెట్ల తింటామంటారు. పసిబిడ్డల తల్లులుండారమ్మా. నువ్వన్నా చెప్పరాదా?"

బిందె అక్కడే వదిలేసి పల్లెకు పరుగెత్తాను. పొగ లేని పల్లె ఎట్లా ఉంటుందో ఆ రోజు చూశాను. సంతోషమ్మ అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. లోపల మరియమ్మ పడుకుని ఉంది, చంటివాడు ఎండిన రొమ్మును నోట పెట్టుకుని, వదిలి, మళ్ళీ పెట్టుకుంటున్నాడు. ఏడుపుకు గొంతు కూడా లేదు వాడికి.

"దీన్ని తినమన్నా తల్లీ, నా మాట వినదు" అంది అవ్వ.

మరియమ్మ కళ్ళు తెరిచి, "నేనొక్కదాన్ని తింటే, దానివల్ల వాన రాకుండా పోతాదేమోనక్కా" అంది.

తినమని బతిమాలాను, కోప్పడ్డాను. "దొరసానమ్మ తిన్న పొద్దు తింటాం" అన్నారు ఇద్దరూ.

గుడారంలో

నేను వెళ్ళేసరికి దొరసాని తెర చాటున కూర్చుని గుడ్డు పగలగొడుతోంది. నిలబడి అంతా చెప్పాను. మధ్యలో ఆపితే మళ్ళీ చెప్పలేనని తెలుసు, గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అబద్ధమాడిన బైబిలు స్త్రీని పనిలోంచి తీసేస్తారు. నాకు వేరే దిక్కు లేదు. ఆ సంగతి కూడా మనసులో ఒక మూల తిరుగుతూనే ఉంది, దాచను.

ఆమె చెంచా కింద పెట్టింది. "బిడ్డ ఎట్లా ఉన్నాడు?" అని అడిగింది మొదట. తర్వాత ప్లేటు వైపు చూసి, "నేను రోజుకు మూడుసార్లు తిన్నాను" అని ఏడ్చింది.

నేను ఒక ఉపాయం చెప్పాను. సిగ్గు లేకుండా చెప్పాను. ఉపవాసం ఈ రోజుతో పూర్తయిందని ప్రకటిస్తే సరిపోతుంది, అందరూ తింటారు, ఎవరికీ ఏమీ తెలియదు, మీ పేరు నిలబడుతుంది అన్నాను. ఆమె వెంటనే కాదనలేదు. ఈ మాట రాయకపోతే ఇదంతా దండగ. ఆమె కిటికీ గుడ్డ వైపు చూస్తూ ఆలోచించింది. ఆమె కూడా మనిషే.

"ఆ అవ్వ నా చేతులు కళ్ళకు అద్దుకుంది కదా" అంది చివరికి. "నాకు అది ఎంతో నచ్చింది, రాహేలమ్మా. అందుకే నువ్వు చెప్పినట్టు చేయకూడదు. పద."

పొయ్యి

పల్లె అంతా ప్రార్థన చేసుకునే గుడి పాక ముందు చేరింది. దొరసాని మధ్యలో నిలబడి, రెండేళ్ళు నేర్చిన తెలుగులో, ఒక్కొక్క మాట వెతుక్కుంటూ చెప్పింది. "నేను తిన్నాను. రోజూ తిన్నాను. ఉపవాసం లేదు. మీరు తినండి. క్షమించండి."

మిగతాది నేను చెప్పాను. అబద్ధం నాదని, ఆమెకు ఈ ఉదయం దాకా తెలియదని చెప్పాను. ఈసారి ఉప్పు, కారం వేయలేదు.

తర్వాత ఒకాయన లేచి, "మా కడుపులతోటి ఆటలాడినారా?" అని భుజం మీద తువ్వాలు దులిపి వెళ్ళిపోయాడు. ఆయన వెంట నలుగురైదుగురు పోయారు. ఆయన రెండేళ్ళు గుడి ముఖం చూడలేదు. ఆయన కోపంలో తప్పేమీ లేదు.

సంతోషమ్మ అవ్వ మాత్రం కూర్చున్నచోటు నుంచి లేవకుండా అడిగింది. "అయితే ఆ పొద్దు నా అన్నం ఎందుకు వద్దనింది? అది చెప్పు ముందు."

అప్పుడు సమాధి గురించి చెప్పాను. ఇరవై ఆరేళ్ళ పిల్లవాడని, మంచి నీళ్ళే అనుకుని తాగాడని, ఈ నేల నీళ్ళు మన కడుపులకు పడతాయి గాని వాళ్ళకు పడవని, అందుకే వాళ్ళు కాచి తాగుతారని చెప్పాను. చెబుతూ ఆమె ముఖం చూడలేకపోయాను.

"ఇదేనా?" అంది అవ్వ.

"ఇదేనవ్వా."

"ఓసి నీ పాసుగూల! ఇదా నువ్వు మూడు దినాలు కడుపులో దాచిపెట్టింది? కాచియ్యి అవ్వా అంటే కాచియ్యనా? మా ఇంట్లో పొయ్యి ల్యాదా? కంపలు ల్యావా? పరాయి తల్లి బిడ్డ సచ్చిపోతాదంటే నాకర్థం కాదనుకున్నావా? నువ్వు పల్లెలో పుట్టినదానివే గదనే!"

అన్నిటికంటే ఆ చివరి మాట తగిలింది నాకు. అవును, నేను పల్లెలో పుట్టినదాన్నే. బంగళాలో ఇన్నేళ్ళు తిరిగి, పల్లెవాళ్ళకు ఏది అర్థమవుతుందో ఏది కాదో నాకే తెలుసు అనుకునేదాకా వచ్చాను.

అవ్వ పొయ్యి రాజేసింది. ఆమె పొయ్యి పొగ చూసి ఒక్కొక్క ఇంట్లో పొగ లేచింది. కుండలో నీళ్ళు తెర్లేదాకా దొరసాని ఆ పొయ్యి ముందే నేలమీద కూర్చుంది. చల్లారకముందే తాగబోయి నోరు కాల్చుకుంటే, మరియమ్మ ఆ నీరసంలో కూడా నవ్వింది. ఉడుకుడుకు సంగటిలో పప్పు పోసి పెడితే తిన్నది, కారానికి ముక్కు చీదుకుంటూ. మరియమ్మ తిన్న గంటకో రెండు గంటలకో చంటివాడికి గుక్కెడు పాలు దొరికాయి. నన్ను చివరిదాకా కూర్చోబెట్టి, "నీకు ఇయ్యాల లేదు పో" అని తిట్టి, తర్వాత అందరికంటే పెద్ద ముద్ద పెట్టింది అవ్వ.

వాన ఆ నెల రాలేదు. ఆ పైనెలా రాలేదు.

తర్వాత

జరిగింది పెద్ద దొరసానికి నోరా దొరసానే చెప్పింది, తనదీ తప్పేనని చేర్చి చెప్పింది. నన్ను తీసేయలేదు గాని, ఒక ఏడాది ఊళ్ళు తిరగనీయకుండా ఆడపిల్లల హాస్టల్లో కుట్టుపని నేర్పమన్నారు. సరైన శిక్షే. నాకు కుట్టు రాదు, పిల్లల దగ్గరే నేర్చుకున్నాను.

అమ్మాయిలూ, దూరదేశం నుంచి వచ్చిన వాళ్ళు దేవదూతలు కారు, దొంగలూ కారు. అమ్మ ఇచ్చిన గుడ్డముక్కను వాసన చూసుకునే పిల్లలు. వాళ్ళు తెలియక కొన్ని గాయాలు చేస్తారు. మనం తెలిసి కప్పిపెడతాము. నా లెక్కలో రెండోదే పెద్ద తప్పు. నోరా దొరసాని ఆ తర్వాత నా మాటకు ముందు అవతలివాళ్ళ ముఖం చూడడం నేర్చుకుంది, తెలుగు బాగా నేర్చుకుంది. మున్షీగారి స్నానం సంగతి కూడా నేనే చెప్పాను. ఆమె ఒక రోజు బాధపడి, మళ్ళీ శుక్రవారం బిస్కెట్లు కట్టి ఇచ్చింది. ఇరవై ఏళ్ళకు పైగా మా నేలమీద తిరిగి, నెరిసిన జుట్టుతో ఇంటికి పోయింది.

నేను పని మానే ముందు చివరిసారి ఆ పల్లెకు పోయాను. సంతోషమ్మ అవ్వ పోయి అప్పటికే చాలా ఏళ్ళు. ఆ చంటివాడు రాచర్లలో బడిపంతులు. మరియమ్మ జుట్టు కూడా నాలాగే నెరిసింది. నన్ను కూర్చోబెట్టి, అటకమీద నుంచి మూత గుడ్డ కట్టిన కుండ ఒకటి దించి, నీళ్ళు పోసి పొయ్యిమీద పెట్టింది.

"నాకెందుకే కాచిన నీళ్ళు? ఇట్లాంటి వాగు నీళ్ళతోనే పెరిగినదాన్ని" అన్నాను.

"మా అత్త పోయేటప్పుడు చెప్పిపోయిందక్కా. మార్కాపురం నుంచి ఎవురొచ్చినా ఈ కుండలో కాచే ఇయ్యాలంట" అంది. కంప ఎగదోస్తూ, నా వైపు తిరగకుండానే, "అన్నం కూడా పెడతాను. ఈసారి ఉపవాసమని చెప్పొద్దు" అంది.

నీళ్ళు కాగి, మళ్ళీ చల్లారేదాకా అక్కడే కూర్చున్నాను. తర్వాత కడుపునిండా తిన్నాను.